ఫాంగ్ అక్క నోరు జారి చెప్పిన జవాబు

తైవాన్‌లోని చియాయి ఊళ్ళో మా వీధి మొదట్లో స్కూటర్లు బాగుచేసే షాపు ఉంది. దాని పైగదికి లై యూఫాంగ్ బోర్డు పెట్టిన రోజున మా అమ్మ ఒక బుట్టెడు అనాసపళ్ళు పంపింది. పంపాక బోర్డు చదివి, "ఇంతకీ అక్కడ ఏం అమ్ముతుందే?" అని నన్నడిగింది. "మనసు, ఒళ్ళు, ఆత్మ కలిసి నడిచే చోటు" అని పెద్ద అక్షరాల్లో, "లైఫ్ కోచ్" అని చిన్న అక్షరాల్లో ఉంది. నాకూ తెలియలేదు. మా టిఫిన్ కొట్లో పనికి మనిషి చాలక హైస్కూలు రెండో ఏడాదే బడి మానేసినదాన్ని, అడిగితే నవ్వుతారేమోనని ఎవరినీ అడగలేదు.

వీధిలో అందరూ ఆమెను ఫాంగ్ అక్క అంటారు. చాలా ఏళ్ళు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మింది. ఎవరింటికి వెళ్ళినా టీ చల్లారేలోపు సంతకం పెట్టించి లేచేది. అలా తిరుగుతుండగా ఒకరోజు కుడి భుజం బిగుసుకుపోయింది. ఎముకలు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఆ తర్వాత తైపేలో ఏదో శిక్షణకు వెళ్ళింది. అక్కడ ఒకావిడ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇది ఎవరి బరువు?" అని అడిగిందట. ఫాంగ్ అక్క అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చిందట.

మా కొట్లో గుడ్డు అట్టు తింటూ ఆమె ఈ సంగతి చెబుతుంటే అమ్మ పెనం మీద నుంచి తల తిప్పలేదు.

"భుజం నొప్పికి అంత ఏడుపెందుకే? నూనె రాసుకోకపోయావా?"

"నూనె రాస్తే పోయే నొప్పి కాదు షియుయే అక్కా."

"మరి ఏడిస్తే పోయిందా?"

"పోయింది."

"అయితే నా మోకాళ్ళకి కూడా ఏడవాలేమో, ఖాళీ దొరకడం లేదు."

ఫాంగ్ అక్క పద్ధతి ఇది. వచ్చిన మనిషి ముందు కాసేపు మాట్లాడాలి. తర్వాత చెప్పులు విడిచి చెక్క నేల మీద నిలబడాలి. ఒంట్లో ఎక్కడ బిగుస్తోందో, ఊపిరి ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. చివర ఇద్దరూ కళ్ళు మూసుకుని మాట లేకుండా కూర్చుంటారు. జవాబు మాత్రం ఆమె చెప్పదు. ప్రశ్న వేస్తుంది. జవాబు నీలోనే ఉంది, అది నువ్వే తీసుకోవాలి అంటుంది.

మా వీధిలో అది చెల్లలేదు. ఇక్కడ ఏం తోచకపోయినా నగర దేవుడి గుడికి వెళ్ళి, నెలవంక ఆకారపు రెండు కొయ్యముక్కలు నేల మీద వేసి, అవుననో కాదనో తెలుసుకుని మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికొచ్చేస్తాం. గంటసేపు కూర్చోబెట్టి, తిరిగి మననే అడిగితే ఎలా?

"అతన్ని కట్టుకోనా వద్దా అని అడిగితే, పెళ్ళి అనగానే ఒంట్లో ఎక్కడ బిగుస్తోంది అంటుంది," అని సంతలో ఆకుకూరలు అమ్మే అమ్మాయి మా కొట్లో అందరికీ చెప్పింది. "నడుము అన్నాను. నడుము ఏమంటోంది అంది. గంప దించమంటోంది అన్నాను."

అందరూ నవ్వారు. మూలన సోయా పాలు తాగుతున్న ఫాంగ్ అక్క కూడా నవ్వింది. పళ్ళ మధ్య స్ట్రా మాత్రం నలిగి చదునైపోయింది. ఆమెకు ఇంకో బాధ కూడా ఉండేది. ఎవరూ తమ కోసం రారు. భర్తని బాగుచెయ్యమని భార్యా, కోడలికి బుద్ధి చెప్పమని అత్తా వస్తారు. "తన కోసం తను ఆ మెట్లెక్కే మనిషి ఒక్కరు రాకూడదా టింగ్?" అని నన్నడిగేది. నేను బల్ల తుడుస్తూ ఉండిపోయేదాన్ని.

ఆ చలికాలంలో మా అన్న లీహెంగ్ సిన్చు నుంచి వచ్చేశాడు. అక్కడ కంప్యూటర్ చిప్పులు చేసే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసేవాడు. సెలవు పెట్టి వచ్చాడు, కొట్టు పైన మా ఇంట్లో తన గదిలోకి వెళ్ళాడు, లోపల తాళం వేసుకున్నాడు. పళ్ళెం తలుపు దగ్గర పెడితే, మేం కిందికి దిగాక తీసుకునేవాడు. జూన్‌లో వచ్చే పడవ పందేల పండుగలోపు రాకపోతే ఉద్యోగం ఉండదని ఫ్యాక్టరీ వాళ్ళు కబురు పెట్టారు. అమ్మకి అప్పటినుంచి అట్లు మాడడం మొదలైంది.

ఒకరోజు కొట్టు మూశాక అమ్మ అన్న చొక్కా ఒకటి ఉతికి, ఇస్త్రీ చేసి, నన్ను వెంటబెట్టుకుని ఫాంగ్ అక్క గదికి ఎక్కింది. చొక్కా ఆమె ముందు చాప మీద పరిచింది.

"ఇదేంటి?"

"లీహెంగ్ ది. వాడు రాడు కదా. దీనికి చెయ్యి."

మా దగ్గర జడుసుకున్న పిల్లలకి అలాగే చేస్తారు. బిడ్డని తీసుకెళ్ళలేకపోతే చొక్కా తీసుకెళితే చాలు. సందు చివర ముసలమ్మ బియ్యం గ్లాసుతో దాని మీద దిష్టి తీసి ఇస్తుంది. బోర్డు మీద ఆత్మ అని రాసుంది కాబట్టి ఇక్కడా అంతే అనుకుంది అమ్మ.

ఫాంగ్ అక్క మొహం ఎర్రబడింది. "షియుయే అక్కా, చొక్కాకి ఊపిరి ఎలా తీయించను? దీన్నేం అడగను?"

"వాడి ఒళ్ళు తగిలిన గుడ్డే కదా. ఒళ్ళు, ఆత్మ అని నువ్వే రాశావు."

"మనిషి ఉండాలి. వచ్చిన మనిషితోనే నా పని. ఇప్పుడు వచ్చింది నువ్వు. నువ్వు కూర్చో."

అమ్మ కూర్చుంది. తలుపు తట్టేటప్పుడు నీ అరచెయ్యి ఎలా ఉంటుంది అని ఫాంగ్ అక్క అడిగింది. "తడిగా ఉంటుంది. గిన్నెలు కడిగి వెళ్తాను కదా," అంది అమ్మ. వాడు బయటికి రాకపోతే నీకేమవుతుంది అని అడిగితే, "నాకేమవుతుందేంటి, ఉద్యోగం పోయేది వాడిది," అంది. కళ్ళు మూసుకోమంటే నిద్రపోయింది. గురక విని ఫాంగ్ అక్క నా వైపు చూసింది. నేను కిటికీలోంచి స్కూటర్లు చూశాను.

దిగుతూ దారిలోనే చొక్కా ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది అమ్మ. ఆవిడ వాసన చూసి విసిరేసింది. "ఉతికి తెచ్చావేం? ఇందులో మనిషేడి? సబ్బుకి దిష్టి తియ్యమంటావా?"

పండుగ దగ్గరపడింది. పండుగ అన్నం పొట్లాలకి వెదురాకులు నానబెట్టే రోజులు వచ్చాయి. అమ్మ తాళాలు చేసే హో గారిని మర్నాడు పొద్దున రమ్మంది. తలుపు తాళం ఊడదీయిస్తే వాడే వస్తాడని ఆమె లెక్క. కానీ చెయ్యి ఆడలేదు. గుడికి వెళ్ళి కొయ్యముక్కలు వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. అలా పడితే దేవుడు నవ్వుతున్నాడని అర్థం, అవుననీ కాదు, కాదనీ కాదు. మళ్ళీ వేసింది, నవ్వాడు. ఇంకోసారి వేసినా నవ్వాడు. పూజారి కూడా పక్కకి తిరిగి నవ్వాపుకున్నాడు. అమ్మ అక్కణ్ణుంచి నేరుగా ఫాంగ్ అక్క మెట్లు ఎక్కింది, నేను వెనకాలే.

"తాళం తియ్యనా వద్దా?" చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"తీస్తే ఏం జరగాలని నీ మనసులో..."

"మనసు మాట ఎత్తకు! దేవుడేమో నవ్వుతున్నాడు, నువ్వేమో ప్రశ్నలేస్తావు. ఈ ఊళ్ళో నాకో మాట చెప్పేవాళ్ళే లేరా?"

"అక్కా, ఒక్కసారి పాదాలు నేలకి ఆనించి..."

"ఆనించే ఉన్నాయే! ఎగురుతున్నానా?"

"ఊపిరి..."

"తియ్యనా, వద్దా?"

"వద్దు!" అని అరిచింది ఫాంగ్ అక్క. "ముట్టుకోకు ఆ తాళాన్ని! తలుపు తట్టకు, మెట్ల మీద నిలబడి ఏడవకు! వాడికి ఉన్నది అదొక్కటే, అది కూడా పీకేస్తావా?"

కింద ఎవరో స్కూటర్ కిక్కు కొట్టి ఆపేశారు. అమ్మ కుంగిపోయి ఉన్న భుజాలు నిదానంగా సర్దుకున్నాయి.

"చూశావా, చెప్పగలవు. ఇదే మాట మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!" అని, వెళ్ళి హో గారిని రావద్దని చెప్పేసింది. ఆ రోజు ఒక్క అట్టూ మాడలేదు.

అమ్మ ఆ మాటను గుడిలో వచ్చే జవాబుకన్నా గట్టిగా పట్టుకుంది. తలుపు తట్టడం మానేసింది. మెట్ల దగ్గర నన్ను కూడా మెల్లిగా నడవమంది. కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ "ఫాంగ్ చెప్పింది" అని చెప్పుకుంది. దాంతో జనం ఫాంగ్ అక్కని ఆపి అడగడం మొదలుపెట్టారు. ఆకుకూరల అమ్మాయి, "ఆవిడకి చెప్పావుగా, నాకూ ఒక్కటి చెప్పక్కా. అవును అను చాలు, గంట కూర్చోను," అంది. ఫాంగ్ అక్క రెండు రోజులు గది తెరవలేదు.

ఆమె భుజం మళ్ళీ పట్టేసింది. ఎడమ చేత్తో అట్టు తింటూ, మా ఇంటి మెట్ల వైపు చూస్తూ, "నేను చెప్పకూడదు టింగ్," అంది. "జవాబు చెబితే వాళ్ళ బరువు మనం ఎత్తుకున్నట్టే అని నేర్పారు నాకు. ఇంతకాలం ఒట్టి మాట అనుకున్నాను. మీ అమ్మ హాయిగా నిద్రపోతోంది. నాకు నిద్ర పట్టడం లేదు. నేను చెప్పింది తప్పైతే? లోపల వాడికేమైనా అయితే?"

"పైకి రండి," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, కానీ ఆమె లేచింది.

అన్న తలుపు ముందు ఆమె చెప్పులు విడవలేదు, ఊపిరి లెక్కపెట్టలేదు. నుదురు తలుపుకి ఆనించి నిలబడింది.

"లీహెంగ్, నేను ఫాంగ్ ని. తాళం తియ్యొద్దని మీ అమ్మకి నేనే చెప్పాను. రైటో తప్పో నాకు తెలీదు. నువ్వు చెప్పు. నాకు నిజంగా తెలియాలి."

ఆమె వెనక్కి తిరగబోతుంటే లోపల్నుంచి, "రైటే," అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. తర్వాత తాళం తిరిగింది.

అన్న గడ్డం పెరిగి ఉంది. ఆమెకి కుర్చీ చూపించి తను మంచం మీద కూర్చున్నాడు. నేను గడప బయటే ఉండిపోయాను. ఆమె ప్రశ్నతో మొదలుపెట్టకపోవడం అదే మొదటిసారి.

"ఆ చెయ్యి లేవదా?" అన్నాడు అన్న.

"లేవదు."

"ఎప్పట్నుంచి?"

"మీ అమ్మకి జవాబు చెప్పినప్పట్నుంచి."

అన్న తన మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. "నాకు ఇక్కడ. ఫ్యాక్టరీలో తలా ఒళ్ళూ కప్పే ఆ తొడుగు వేసుకుంటే తల తిప్పడం కుదరదు. ఇప్పుడు తొడుగు లేదు, అయినా తిరగడం లేదు."

"ఎంత వరకు తిరుగుతుంది?"

అతను తిప్పి చూపించాడు. ఆమె చెయ్యి ఎత్తి చూపించింది. రెండూ సగమే.

అప్పుడే అమ్మ పైకి వచ్చింది. తెరిచిన తలుపు చూసి చేతిలో చిల్లుల గరిటెతోనే పరుగెత్తింది. "తీశాడా! ఏమన్నాడు? ఉద్యోగానికి వెళ్తాడా వెళ్ళడా? రేపే పండగ, ఒక్క ముక్క చెప్పరా నాన్నా!"

అన్న లేచి వచ్చి తలుపు వేసేశాడు. తాళం పడింది. ఫాంగ్ అక్క లోపలే ఉండిపోయింది.

అమ్మ తలుపు వైపూ, నా వైపూ చూసింది. "ఇప్పుడు తియ్యాలా వద్దా? ఎవర్నడగనే?"

"ఇవాళ్టికి నన్నడక్కు షియుయే అక్కా," అని లోపల్నుంచి ఫాంగ్ అక్క గొంతు వినిపించింది.

ఉద్యోగం పోయింది. అన్న ఇప్పుడు కొట్లో జనం పల్చబడ్డాక కిందికి వచ్చి, నిలబడే తింటాడు, పెనం గీకుతాడు. ఫాంగ్ అక్క గది మెట్లు మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఫాంగ్ అక్కే రోజూ వస్తుంది. తాళం ముట్టుకోవద్దన్న ఆ మాట మొదటిరోజే చెప్పి ఉంటే వాడి ఉద్యోగం మిగిలేదని అమ్మ ఆమె ఎదుటే అందరికీ చెబుతుంది. ఫాంగ్ అక్క ఎడమ చేత్తో అట్టు తుంచుకుంటూ వింటుంది. ఇంకో అట్టు వెయ్యనా అని అమ్మ అడిగితే, వెయ్యమని వెంటనే చెబుతుంది.