సరళ మెడ మీద మచ్చలు

1986లో తెనాలిలో ఒక చర్మవ్యాధుల డాక్టరుగారి దగ్గర నర్సుగా పనిచేసేదాన్ని. ఆ వేసవిలో మా వీధిలోనే ఉండే సాంబశివరావు, తన భార్య సరళను వెంటబెట్టుకొచ్చాడు. అతను రేపల్లెలో రైసుమిల్లు గుమాస్తా. పొద్దున రైలెక్కితే చీకటిపడ్డాకే ఇల్లు చేరేది.

సరళ మెడ మీదా, భుజం మీదా ఎర్రటి దద్దుర్లు. డాక్టరుగారు చూసి "ఇన్సెక్ట్ బైట్స్" అన్నారు. అంటే పురుగు కాట్లు. వరసగా ఉన్నాయి కాబట్టి నల్లులే అయ్యుంటాయని, దురద తగ్గడానికి కాలమైన్ లోషన్ రాసిచ్చారు.

బయటికొచ్చాక సాంబశివరావు నా పక్కకు జరిగాడు.

"సిస్టరుగారూ, ఇద్దరం ఒకే మంచం మీద పడుకుంటామండి. నల్లులైతే నన్నెందుకు కుట్టలేదు?"

"కుట్టినా కొందరికి రియాక్షన్ రాదండి. ఒంటి మీద దద్దు లేవదు."

"మా ఇంటి ముందు వాటాలో టైలరున్నాడు. పగలంతా ఇంట్లోనే మిషను తొక్కుతుంటాడు. ఈవిడ జాకెట్లన్నీ వాడే కుడతాడు. మెడ కొలత కూడా వాడే తీశాడు."

సరళకు వినపడింది. కొంగు మెడచుట్టూ కప్పుకుంది.

ఆ తర్వాత ఆమెను నందివెలుగులో పుట్టింటికి పంపేశాడు. అక్కడ దద్దుర్లు తగ్గిపోయాయి. దాంతో అతని అనుమానం ఇంకా బలపడింది. ఓ ఆదివారం నేను చర్చి నుంచి వస్తుంటే అరుగు మీద కూర్చుని, టైలరు తలుపు వంకే చూస్తున్నాడు. కళ్ళు పీక్కుపోయాయి.

"చూశారా? వాడు లేనిచోట ఒక్క మచ్చ రాలేదు!"

"మంచం బయటెయ్యండి," అన్నాను.

గొణుక్కుంటూనే నవారు మంచం పెరట్లోకి లాక్కొచ్చాడు. నవారు వదులు చేసి, మంచం కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోశాను. బిలబిలమంటూ నల్లులు బయటికొచ్చాయి. పొట్టలు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. ఒకదాన్ని పుల్లతో నొక్కితే నెత్తురు చిమ్మింది.

"సరళ వెళ్ళాక దీని మీద ఎవరు పడుకుంటున్నారు?"

"నేనేనండి. ఒక్కణ్ణే."

"మరి ఈ నెత్తురెవరిది?"

చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఒక్క మచ్చ లేదు. "నాదేనండి," అన్నాడు. ఆ సాయంత్రమే నందివెలుగు వెళ్ళాడు.

కొన్నాళ్ళకు సరళ నన్ను వెతుక్కుంటూ క్లినిక్‌కి వచ్చింది.

"మచ్చలు నల్లులవేనట, కళ్ళారా చూశాడటక్కా. నల్లిని నమ్మావు గానీ నన్ను నమ్మలేదేం అన్నాను."

"ఏమన్నాడు?"

"ఇకనుంచి జాకెట్లు బజార్లో కుట్టించుకోమన్నాడు." కొంగు సర్దుకుంటూ అంది: "ఇప్పుడే ముందు వాటాలోనే జాకెట్టు గుడ్డ ఇచ్చొచ్చానక్కా."

ఆమె మొదటిసారి వచ్చిన రోజు మేం దద్దుర్లకు మందిచ్చాం. ఆమె ఎలాంటి ఇంటికి తిరిగి వెళ్తోందో అడగలేదు. అప్పట్నుంచి పేషంటు బదులు భర్త మాట్లాడుతుంటే, ముందు అతన్ని బయట కూర్చోమనేదాన్ని. తలుపు దగ్గరకేసి, ఆమెనే అడిగేదాన్ని.