మల్లేశం సేటు చాయ్‌కి పోతే

ఆదిలాబాద్‌ల ఇన్ని ల్యాబులుంటే, సూది గుచ్చిచ్చుకునేటందుకు కరీంనగర్ దాక ఎందుకు పోయినవని పొద్దటి సంది మిల్లుల అందరు అడుగుతుండ్రు. చెప్త. గానీ చాయ్ అయ్యేదాక ఎవ్వలు నడుమ మాట్లాడొద్దు. చాయ్ తాగుదామని పోయి మోచేతికి దూది పెట్టుకొని వచ్చిన మనిషిని ఎన్నడన్న చూసిండ్రా? ఇగో, మీ ముందే కూసున్న.

మొదటిసారి పోయింది ఎండాకాలంల. మా మరదలోల్లు కరీంనగర్‌ల ఇల్లు కట్టుకున్నరు. గృహప్రవేశం ఎల్లుండి అనంగనే నేను, మా సుజాత బస్సెక్కినం. బస్సుల నాకు నిద్రవట్టి కండ్లద్దాలు ఒళ్లెకెళ్లి సీట్ల జారినయి. చెన్నూరు దిక్కు పోయే ముసలాయన దిగుతుంటే జాగ ఇద్దామని లేసి, మళ్ల వాటి మీదనే కూసున్న. సప్పుడు నాకంటే ముందు సుజాతకు వినవడ్డది. అద్దాలు లేకుంటే నాకు పెద్దయి కనిపిస్తయి, సన్నయి అలుక్కపోతయి. మనిషి వచ్చేది తెలుస్తది, ఎవలో తెల్వదు.

ఇంకో సంగతి గూడ చెప్పాలె. మా బాపుకు షుగర్ ఉండె. ఆఖర్ల కాలి వేళ్లు తీసేసిండ్రు. గది కండ్లార చూసింది కాబట్టి సుజాతకు నా మీద ఒక్కటే ఫికర్. ఒక్కసారి పరీక్ష చేయించుకో అని ఎప్పుడు మొత్తుకునుడే. నేను ఇయ్యాల రేపు అని తప్పించుకునుడే. భయమైతాందని చెప్తే పరువు పోతది, అందుకే తీరిక లేదని చెప్పిన. చేయించుకుంటే ఉన్నదని తెలుస్తది, తెలిస్తే చాయ్‌ల శక్కర పోతది. చేయించుకోకుంటే లేనట్టే గదా. గంత తెలివి నాది. ఆమె ఏం చేసింది, పరీక్ష లేకుంటనే ఇంట్ల నా చాయ్‌ల శక్కర బంద్ వెట్టింది. కరీంనగర్ వచ్చినంక చెల్లెకు గూడ గదే హుకుం చెప్పింది.

తెల్లారి మరదలు శక్కర లేని చాయ్, ఉప్మా తెచ్చి ముందట పెట్టింది. కడుపుల బాగ లేదు, ఏం తిననని చెప్పిన. అబద్ధం. కడుపు మంచిగనే ఉన్నది, మల్లేశం సేటు కోసం ఖాళీ పెట్టుకున్న.

మల్లేశం సేటు అంటే మీకు తెల్వదు. నేను పెండ్లి గాకముందు కరీంనగర్‌ల టవర్ దిక్కు ఒక బట్టల దుకాన్ల పని చేసేటోన్ని. పక్క గల్లిల సేటు హోటల్. పేరుకు టిఫిన్ సెంటర్, చాయ్ మీద నడిచేది. ఒక కాలు పొట్టిగున్న బల్ల, దాని కింద ఇటుక పెంక. గిరాకొచ్చి నోరు తెరిచి అడుగుడు లేదు. గడప తొక్కంగనే సేటు తలకాయ ఎత్తి, "ఎప్పటిదేనా?" అనేటోడు. ఎవనికి మలై, ఎవనికి అల్లం, ఎవనికి సాసర్, అన్ని ఎరికే. నాకు రెండింతల శక్కర. దుకాన్ల నా పేరే డబల్ శక్కర అయిపోయింది. నెల ఆఖర్ల ఎంత పరేషాన్ల ఉన్నా, గా గిలాస చేతుల వడ్డదంటే మనిషినైతుంటి. ఇంత ఊర్ల నన్ను గుర్తువట్టేటోడు ఒకడున్నడని ధైర్యం. పత్తి మిల్లుల పని దొరికి ఆదిలాబాద్ వచ్చినంక మళ్ల గా గల్లికి పోనే లేదు.

పగిలిన కండ్లద్దాలు బాగుకిస్తే దుకానాయన ఒక గంట ఆగి రమ్మన్నడు. ఇంతకంటే మంచి మోక ఏముంటది? సీద గల్లి దిక్కు నడిచిన. కిరాయి సైకిళ్ల దుకాన్ కాడ ఏటీఎం ఉన్నది. పాటల క్యాసెట్లు నింపిచ్చుకునే దుకాన్ల ఫోన్ల కవర్లు వేలాడుతున్నయి. నేను పనిచేసిన బట్టల దుకాన్ మీద నాలుగంతస్తులు లేసినయి, లోపలికి పోవాలంటే సంచి తీసి చూపియ్యాలె. ఇగ సేటు హోటల్ గూడ లేదనుకొని నా పానం సల్లవడ్డది. మూల మలిగి చూస్తే బోర్డు ఉన్నది. ముందు పెద్దగ "మల్లేశం", ఆఖర్ల పెద్దగ "సెంటర్". నడుమ ఏదో పొడుగు మాట ఉన్నది గానీ నాకు దొరకలే. టిఫిన్ అన్న మాటను పొడుగు చేసి రాపిచ్చుకున్నడు అనుకున్న.

అద్దాల తలుపు, లోపల ఏసీ. సేటు మస్తు పైకొచ్చిండని సంబురమైంది. నూనె వాసన లేదు, ఫినాయిల్ వాసన ఉన్నది. ఇప్పటి జనానికి శుభ్రం కావాలె గదా. కౌంటర్ల ఒక అమ్మాయి కూసున్నది. ఏం కావాలని అడిగితే ఎప్పటి లెక్కనే, "ఎప్పటిదే అమ్మా," అన్న.

"షుగరా అంకుల్?" అన్నది.

నాకు కండ్లల్ల నీళ్లొచ్చినంత పనైంది. ఇన్నేండ్ల తర్వాత గూడ మొకం చూసి చెప్తాంది, సేటు మంచిగ నేర్పిండు అనుకున్న.

"ఆ, షుగరే. నాకు జర ఎక్కువనే ఉంటది," అన్న.

అయ్యో అన్నది. ఎప్పటి నుంచి అని అడిగింది. పెండ్లి గాకముందు నుంచి అని చెప్పిన. మందు వాడుతున్నరా అని అడిగింది. పొద్దుపొద్దున గిదేం ప్రశ్న అని నాకు జర కోపమొచ్చింది. దావత్‌లల్ల తప్ప ముట్టనని చెప్పిన. ఆమె నన్ను ఒక తీరుగ చూసి, ఫాస్టింగేనా అన్నది. జల్ది కావాల్నా అని అడుగుతాందనుకొని, ఫాస్ట్‌గనే కానియ్యి, గంటల అద్దాల దుకాన్‌కి పోవాలె అన్న. పొద్దటి నుంచి ఏం తినలే గదా అన్నది. మీ దగ్గరికే అని కడుపు ఖాళీ పెట్టుకొని వచ్చిన అని చెప్పిన. ఆమెకు మస్తు నచ్చింది, అందరు మీ లెక్క ఉండరు అంకుల్ అన్నది. ఫుల్ చేయాల్నా, ఒక్క షుగరేనా అంటే, ఫుల్లే చెయ్యి, హాఫ్ ఎవల గొంతుకు సరిపోతది అన్న.

పేరు అడిగింది, వయసు అడిగింది. వయసు మీదవడ్డోల్లకు రేటు తక్కువ ఉంటదేమో అనుకున్న. ఫోన్ నంబర్ గూడ అడిగింది. ఇప్పుడు చెప్పుల దుకాన్ల గూడ అడుగుతుండ్రు. నాది కొత్త సిమ్, నంబర్ యాదికి లేదు. సుజాతది చెప్పిన. గదే నా కొంప ముంచింది.

కూసున్న. బల్ల కాలు సక్కగున్నది, ఇటుక పెంక లేదు. పక్కపొంటి ఒకాయన చిన్న డబ్బి పట్టుకొని కూసున్నడు, అండ్ల పచ్చగ ఏదో ఉన్నది. ఎవ్వలు మాట్లాడ్తలేరు. పాత హోటల్ల అయితే ఇంతసేపటికి సగం ఊరి ముచ్చట అయిపోయేది. ఉట్టిగ కూసునుడు నాతోని గాక, మాట కలుపుదామని, "అన్నా, ఇక్కడ లెమన్ టీ గూడ పోస్తుండ్రా?" అన్న. ఆయన నా దిక్కు చూసిండు. డబ్బి దిక్కు చూసిండు. దాని మీద అరచెయ్యి కప్పుకొని రెండు కుర్సీలు అవతలికి జరిగిండు.

అప్పటికి గూడ నాకు ఎలగలే. పాపం, తాగేదానికి నా దిష్టి తగులుతదని భయపడ్డడు అనుకున్న.

నా పేరు పిలిచిండ్రు. లోపల తెల్లంగి పిలగాడు కుర్సీల కూసోవెట్టి చెయ్యి చాపమన్నడు. చేతులు కడిగిపిస్తడేమో అని దోసిలి పట్టిన. ఆయన నా అంగి మడిచి, మోచెయ్యి మీద రబ్బర్ కట్టి, నరం మీద వేలితోని కొట్టిండు. గప్పుడు ఎలిగింది.

"తమ్మీ, నేను చాయ్‌కి వచ్చిన," అన్న.

"సూది అంటే భయమున్నోల్లు అందరు ఏదో ఒకటి అంటరు అంకుల్. కదలకుండ్రి, అయిపోయినంక తాగొచ్చు," అన్నడు.

ఇగ ఏం చేస్త? యాడాది సంది తప్పించుకున్న నెత్తురు గప్పటికే సీసల పోతాంది.

దూది ఒత్తుకుంట బయటికొచ్చి, గిది మల్లేశం సేటు హోటల్ గాదా అని కౌంటర్ల అమ్మాయిని అడిగిన. ఆమె కిటికీ దిక్కు చూపెట్టింది. పాత పొయ్యి ఉండే జాగల ఒక కుర్సీ, కుర్సీల సేటు. ఎంటికలు తెల్లవడ్డయి, మనిషి ఎండిపోయిండు. నేను దగ్గరికి పోయి ఏం అనక ముందే తలకాయ ఎత్తిండు.

"డబల్ శక్కరవు గదా?"

అవునన్న. పక్కన కూసోమన్నడు. మోకాళ్లు పట్టుకపోయి పొయ్యి ముందట నిలవడుడు తనతోని కాలేదట, నాకు సూది గుచ్చిన పిలగాడే ఆయన కొడుకట, ల్యాబ్ చదువు చదివి ఇక్కన్నే పెట్టిండట. ఇంట్ల పొద్దు పోదని రోజు వచ్చి గీ మూలకు కూసుంటడట. బోర్డు సంగతి అడిగితే నవ్విండు.

"ముందు నా పేరు ఉండాలన్న. సెంటర్ గూడ తియ్యొద్దన్న. నడుమ ఏమన్న రాసుకో బిడ్డా అన్న."

అసలు నేను వచ్చింది చాయ్‌కి అని చెప్పిన. కుర్సీ కిందికెళ్లి ఫ్లాస్క్ తీసి మూతల పోసిండు. తాగిన. శక్కర లేదు. నా మొకం చూసి, కొడుకు తనకే బంద్ వెట్టిండని, మొదట్ల తను గూడ గట్లనే మొకం పెట్టిండని చెప్పిండు. ఇద్దరం గా సప్పటి చాయ్‌నే మెల్లగ తాగినం. పాత గిరాకీలల్ల ఎవలున్నరు, ఎవలు పోయిండ్రు అన్ని మాట్లాడుకున్నం.

అద్దాలు తీసుకొని, ఇంక కాళ్లు ఈడ్సుకుంట మరదలోల్లింటికి పోయేవరకు పొద్దు మీదికొచ్చింది. ఇంటోల్లందరు వాకిట్లనే ఉన్నరు. సుజాత చేతుల ఫోన్, కండ్లు ఎర్రగ. రిపోర్ట్ నాకంటే ముందే ఇల్లు చేరింది. షుగర్ ఉన్నది.

"నేను ఇంత మొత్తుకుంటే వినలే. ఎవలకు చెప్పకుంట నువ్వే పోయి చేయించుకున్నవా?" అని నా చెయ్యి పట్టుకున్నది.

తోడల్లుడు బావంటే గిట్ల ఉండాలె అన్నడు. మరదలు నా ఓర్పును మెచ్చుకున్నది. పొగిడితే ఎవలకు చేదు? నేను గూడ గంభీరంగ తలకాయ ఊపిన. పొద్దుగూకేదాక మంచిగనే గడిచింది. అన్నం కాడ సుజాతకు ఏదో తట్టింది. అద్దాలు దుకాన్ల ఉంటే ల్యాబ్ బోర్డు నీకు ఎట్ల కనవడ్డది అన్నది. నాకు అబద్ధం అందలే. మొత్తం చెప్పిన. లెమన్ టీ కాడికి వచ్చేవరకు తోడల్లునికి పొరవోయింది.

సుజాత ఒక్కతే నవ్వలే. "హోటల్ బందైందని ఏడుస్తున్నవు. అది నడుస్తుంటే నీ కాళ్లు పోయేటియి," అన్నది.

డాక్టర్ దగ్గరికి పోయినం, మొదట్లనే దొరికింది, గోలీలతోని నడకతోని అదుపుల ఉంటదన్నడు. సేటు పోసిన శక్కరంతా సేటు కొడుకు ఒక్క సూదితోని బయటవెట్టిండు. ఇద్దరి చెయ్యి మంచిదే.

గందుకే నిన్న మళ్లా కరీంనగర్ పోయిన. ఇక్కడ ల్యాబులు లేక కాదు. ఈసారి అద్దాలు పెట్టుకున్న, బోర్డు నడుమున్న డయాగ్నొస్టిక్ అన్న మాట గూడ పూర్తిగ సదివిన. తలుపు నూకంగనే కౌంటర్ల అమ్మాయి తలకాయ ఎత్తి నవ్వింది.

"ఎప్పటిదేనా అంకుల్?" అన్నది.

ఎప్పటిదే అని అంగి మడిచిన.