సెలవుల్లో ఆట చెప్పని సార్

మా ఫుట్‌బాల్ కోచ్ సార్ పోయారన్న కబురు నాకు మనిషి నోట అందలేదు. సూర్యాపేట బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. అందులో సార్ ఫొటో ఒక మూలన అరచేతంత ఉంది. మధ్యలో నిలువెత్తున దండం పెడుతూ మా పాత క్లబ్బు సెక్రటరీ. గారు అనడానికి నాకు నోరు రాదు. ఏడుపు రావలసిన చోట ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు మెత్తగా ఉంటాయని ఎవరూ అనుకోవద్దు.

సార్ దేవుడేమీ కాదు. నోరు అసలే మంచిది కాదు. సీజన్‌లో మా చేత గొడ్డుచాకిరీ చేయించేవారు. బంతి అవతలివాళ్లకు పోయిందంటే మా అమ్మానాన్నలను కూడా వదిలేవారు కాదు. ఆయన నోట వచ్చే పొగడ్త "పర్లే" అన్న ఒక్క ముక్క, అదీ మొహం పక్కకు తిప్పుకొని. ఆయన కింద డిఫెండర్‌గా ఆడినన్నాళ్లూ నేను ఆయనను తిట్టుకోకుండా పడుకున్నది తక్కువ.

కానీ సీజన్ చివరి మ్యాచ్ అయిపోగానే ఆ మనిషే వేరు. బంతులన్నీ గదిలో పడేసి తాళం వేసి, "ఇగ పోండ్రి. మంచిగ తినుండ్రి, పండుకోండ్రి. సెలవులల్ల ఆట ముచ్చట నా దగ్గర తేకుండ్రి" అనేవారు. జీతానికి ఆడే మాలాంటి వాళ్లకు లీగ్‌లో ఒక నిబంధన ఉండేది. సెలవుల్లో క్లబ్బు మమ్మల్ని పిలవకూడదు. మా అంతట మేమే వచ్చి పరుగెత్తితే, బంతి తన్నుకుంటే మా ఇష్టం. అప్పుడు కూడా కోచ్ అక్కడ ఉండకూడదు, ఒకరి మీద ఒకరు పడి బంతి లాక్కునే ఆట ఆడించకూడదు. ఏడాదంతా నలిగిన కీళ్లు కోలుకోవాలంటే అదే దారి. ఆ నిబంధనకు అందరూ తలూపినవాళ్లే. పాటించిన మనిషిని మాత్రం నేను ఈయనొక్కరినే చూశాను.

ఎంత మొండిగా పాటించేవారో చెబుతాను. సార్‌ది కోదాడ పక్కన చిలుకూరు. ఒక ఎండాకాలం కోదాడలో మామిడిపళ్ల బండి దగ్గర కనిపించారు. సంబరంగా దగ్గరికి వెళ్లి, "సార్, ఎడమ కాలుతోటి బంతి సక్కగ పోతలేదు, జర చెప్పుండ్రి" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీ దిక్కు వాన పడ్డదా?" అన్నారు. మళ్లీ అడిగాను. "ఈ పండు పులుపున్నదా, తీపున్నదా తిని సూడు" అని చేతిలో ఒక మామిడిపండు పెట్టారు. ఒళ్లు మండి ఆ పండు బండి మీదే పెట్టి బస్సెక్కాను.

ఇక సెక్రటరీ. మిర్యాలగూడలో రైసు మిల్లు, చుట్టూ జేజేలు కొట్టే మనుషులు. హైదరాబాదులో క్లబ్బు మైదానంలో ఆడిస్తే నలుగురి కంట్లో పడుతుందని, సెలవుల్లో మమ్మల్ని సూర్యాపేటలో ఒక కాలేజీ గ్రౌండుకు రప్పించేవాడు. దానికి 'ఊరోళ్ల సరదా ఆట' అని పేరు పెట్టాడు. షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, మధ్యాహ్నం మటన్ బిర్యానీ. దారిన పోయేవాళ్లు ఏదో దావత్ అనుకునేవారు. "ఇష్టమున్నోల్లే రాండ్రి, బల్మీటికేం లేదు" అని నవ్వేవాడు. రానివాడు తర్వాతి సీజన్ జట్టులో ఉండేవాడు కాదు.

సార్‌కు చెబితే, "నేను రాను. మీరు గూడ పోకుండ్రి" అన్నారు. పోకపోతే మా బతుకేం కాను? అందరం పోయాం. సార్ రాలేదు కాబట్టి ఈల ఊదడానికి సెక్రటరీ తన మిల్లు మేనేజరును నిలబెట్టాడు. బస్తాలు ఎత్తించడం తప్ప ఇంకేమీ ఎరగని ఆ మనిషి, "గట్టిగ తగులుండ్రి, గట్టిగ!" అని కేకలు పెడుతుంటే, ఎండకు బండబారిన ఆ నేల మీద మా జట్టువాడే వచ్చి నా కాలి మీద పడ్డాడు. మోకాలు పోయింది. నా ఆట అక్కడితో ఖతం.

లీగ్ వాళ్లు విచారణ పెట్టారు. "ఊర్లె పిల్లగాండ్లు సరదాకు ఆడుకున్నరు సార్, మాకేం సంబంధం?" అన్నాడు సెక్రటరీ. మా వాళ్లందరూ తలలు వంచుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఎవరూ అడక్కుండానే వెనక నుంచి సార్ లేచారు.

"ఎవ్వరు పిలువలేదు, నిజమే. రాకుంటే ఏమైతదో మాత్రం ఈడ కూసున్న ప్రతోనికి ఎరుకే. భయపడి వచ్చినోన్ని పట్టుకొని ఇష్టపడి వచ్చిండంటే ఎట్ల?"

ఆ మాటతో సెక్రటరీకి ఏమీ కాలేదు, సార్ ఉద్యోగమే పోయింది. కోదాడలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా చేరారు. కృతజ్ఞత చెబుదామని కుంటుకుంటూ ఇంటికి వెళితే, "నీ కోసం చెప్పిన్నా? ఉన్నదే చెప్పిన. పో, పోయి మోకాలుకు కాపడం పెట్టుకో" అని తలుపేశారు. నా కోసం ఇంకెవరూ అంత పోగొట్టుకోలేదు.

అలాంటి మనిషికి సూర్యాపేటలో సంతాప సభ పెట్టింది ఎవరనుకున్నారు? ఆ సెక్రటరీయే. కళ్లు తుడుచుకుంటూ, "సెలవులల్ల గూడ ఆటగాళ్లను ఖాళీగ ఉండనియ్యని మహానుభావుడు" అన్నాడు. అక్కడితో ఆగలేదు. సార్ పేరు మీద క్లబ్బు ఆటగాళ్లకు వేసవి శిబిరం పెడుతున్నానని, అదే కాలేజీ గ్రౌండులో, ఇష్టమున్నవాళ్లే రావచ్చని ప్రకటించాడు. ముందు వరసలో కూర్చున్న సార్ భార్య లేచి, "ఆయన పేరు దానికి పెట్టకుండ్రి" అన్నారు. ఆమెకు మైకు ఇవ్వలేదు. చప్పట్లలో ఆ మాట కొట్టుకుపోయింది.

సభ అయ్యాక మా అక్క కొడుకు నా పక్కకు వచ్చాడు. కోదాడ బడిలో సార్ దగ్గరే ఆట నేర్చుకుని, ఇప్పుడు ఆ క్లబ్బుకే ఆడుతున్నాడు. కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. "మామా, పోవాల్నా?" అన్నాడు. "పోకు" అన్నాను. వాడు సార్ ఫొటో వైపు ఒకసారి చూసి, తన జట్టువాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

శిబిరం మొదలయ్యే రోజు ఉండబట్టలేక పొద్దున్నే గ్రౌండు దగ్గరికి వెళ్లాను. షామియానా కింద సెక్రటరీ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మైదానంలో సున్నం గీతలు తప్ప మనిషి జాడ లేదు. గోడ పక్కకు వచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, అల్లుడు బయల్దేరిండా?"

"ఏడ బయల్దేరుడు? డాబా మీద పండుకున్నడు. వాడొక్కడే గాదు తమ్మీ, వాళ్ల టీమోళ్లంత నిన్న మాపటికి బస్సు దిగి వచ్చిండ్రు. బొంతలు సాలక సాపలు పరిచిన. మొకాల మీద ఎండ పడ్తున్నా ఒక్కడు కదుల్తలేడు. లేపాల్నా?"

"వద్దక్కా," అన్నాను. "పండుకోనియ్యి."