సీసా మీద లచ్చవ్వ ముఖం

2023 వేసవి. శంషాబాద్‌లో హైవే పక్కన, కింద టైర్ల దుకాణం, పైన నా ఆఫీసు. ట్రేడ్‌మార్కులు రిజిస్టర్ చేయించడం నా పని. అంటే ఒక సరుకు పేరు, దాని గుర్తు ఫలానా వారివని ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం. మాటల మధ్యలో నెత్తి మీద నుంచి విమానం పోతుంది. అది పోయేదాకా అందరం నోరు మూసుకుని కూర్చుంటాం. కోపంగా వచ్చిన క్లయింట్లు ఆ కాస్తలో చల్లబడతారు కాబట్టి నాకు దానితో పేచీ లేదు.

వెంకటేశ్ మాత్రం చల్లబడలేదు. కొత్తూరులో అతనికి పచ్చళ్ల కార్ఖానా ఉంది. వాళ్ల అమ్మ లచ్చవ్వ కలిపే తొక్కులను 'ఎర్ర గురిగి', అంటే ఎర్ర మట్టి ముంత, అనే పేరుతో సీసాల్లో అమ్ముతారు. సీసా మీద పైన పేరు, కింద లచ్చవ్వ ముఖం. పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఒక పక్కకు కొంచెం ఎక్కువగా సాగే నవ్వు. ఆ లేబుల్ రిజిస్టర్ చేయించింది నేనే.

"మేడమ్, మన సరుకు దుబాయ్‌ల ఆపిన్రు. నకిలీదంటున్రు," అన్నాడు. "సీసా మీదున్నది మా అవ్వ మొఖం. మా అవ్వ మొఖం నకిలీది ఎట్లయితది?"

కాగితాలు చూశాను. అక్కడి లెక్క ప్రకారం నకిలీదే. ఆ పేరు, ముఖమున్న ఆ లేబుల్ రెండూ దుబాయ్‌లో సీను పేరు మీద రిజిస్టరై ఉన్నాయి. సీను వెంకటేశ్‌కు బడి దోస్తు, షాద్‌నగర్ వాడు. అక్కడ కిరాణా సరుకు దిగుమతి చేసుకుని దుకాణాలకు వేస్తాడు. మొదటి నుంచీ ఎర్ర గురిగి సీసాలు అక్కడ అమ్మింది అతనే. మధ్యలో ధర దగ్గర ఇద్దరికీ చెడింది. వెంకటేశ్ ఇంకో వ్యాపారికి సరుకు పంపితే, సీను తన హక్కు చూపించి ఆపించాడు. పైగా ఇప్పుడు ఎవరో కలిపిన పచ్చడిని నింపి, లచ్చవ్వ ముఖం అంటించి అమ్ముకుంటున్నాడు.

"మీరు రిజిస్టర్ చేసిన్రు గద మేడమ్?"

"చేసిన. ఇండియాల."

"పేరు పక్కన గుండ్రంగ ఆర్ అని ఉంటది గద?"

"ఆ ఆర్ విమానం ఎక్కదు వెంకటేశ్."

ట్రేడ్‌మార్క్ హక్కు 'టెరిటోరియల్'. ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశం వరకే. మన దేశం నుంచే ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో అడిగే మాడ్రిడ్ పద్ధతి ఒకటి ఉంది. సరుకు గల్ఫ్‌కు పోతోందని తెలిసినప్పుడే అక్కడ కూడా రిజిస్టర్ చేయిద్దామని చెప్పాను. "ఆడ సీనుగాడున్నడు గద మేడమ్" అని నవ్వేశాడు. మా వైపు వ్యాపారాల్లో ఇది మామూలే. పరాయివాడైతే కాగితం అడుగుతారు, దోస్తును అడిగితే అవమానం. నాకు ఒళ్లు మండింది. కానీ దెప్పి ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికే కదా జనం నా దగ్గరికి వచ్చేది.

ఒక దారి కనిపించింది. ఒక మనిషి ముఖాన్ని ఆ మనిషి అనుమతి లేకుండా ఇంకొకరు ట్రేడ్‌మార్క్‌గా తీసుకోకూడదని అక్కడి చట్టంలోనూ ఉంది. దానికి లచ్చవ్వ అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం కావాలి.

"ఎవ్వలకు ఏ అనుమతి ఇయ్యలేదని రాయుండ్రి మేడమ్. అవ్వతోని ఏలుముద్ర ఏపిస్త," అన్నాడు వెంకటేశ్. ముందు అవ్వను తీసుకురా, ఆమె నోటితోనే వింటానన్నాను.

లచ్చవ్వ వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగాను.

"అవ్వా, నీ ఫొటో పెట్టుకొమ్మని సీనుకు చెప్పినవా?"

"ఫొటో ముచ్చటనే రాలే బిడ్డా. మొదటి డబ్బా పోయేనాడు నేనే బొట్టు పెట్టి ఆని చేతుల పెట్టిన. 'తీస్కపో బిడ్డా, మంచిగ అమ్ము' అన్న."

వాళ్లింట్లో అది ఆనవాయితీ. తొక్కు ఊరు దాటుతుంటే ఇంటి పెద్ద బొట్టు పెట్టి, ఒక మాట చెప్పి చేతికిస్తుంది. వెంకటేశ్ తల పట్టుకున్నాడు.

"అవ్వా, గది చెప్పకు. కేసు పోతది."

"అన్ననా, లేదా?"

"అన్నవ్, గని..."

"అన్నంక అనలేదంటే ఎట్లరా? అమ్ముమన్న. రాసుకొమ్మని అనలే. గంతే."

ఆ మాటలే అఫిడవిట్‌లో పెట్టాను. "మేడమ్, మీరు మా వకీలా, సీనుగాని వకీలా?" అని వెంకటేశ్ విసురుగా మెట్లు దిగిపోయాడు. లచ్చవ్వ మాత్రం వేలిముద్ర వేసే కదిలింది.

దుబాయ్‌లోని వకీలు ద్వారా సీను రిజిస్ట్రేషన్ల మీద రద్దు కేసు వేయించాం. కొన్ని నెలలకు సీను జవాబు వచ్చింది, ఫోన్లో తీసిన వీడియోతో సహా. బొట్టు పెట్టిన డబ్బా, సీను చేతులు, లచ్చవ్వ గొంతు: "తీస్కపో బిడ్డా, మంచిగ అమ్ము." నా పక్కన కూర్చుని చూస్తున్న వెంకటేశ్ ముఖం పాలిపోయింది. అవ్వ చేత అబద్ధమాడించి ఉంటే మా కథ అక్కడితో ముగిసేది. ఇప్పుడు ఆ వీడియో మేం చెప్పినదానికే సాక్ష్యమైంది. అమ్మమంది. అంతకుమించి ఒక్క మాట లేదు.

అయినా సగమే గెలిచాం. ఏళ్ల తరబడి అతను బాహాటంగా వాడుతుంటే మీరు చూస్తూ ఊరుకున్నారని పేరును సీనుకే ఉంచారు. ముఖమున్న లేబుల్‌ను రద్దు చేశారు. నాకు నిజంగా బాధేసింది. ఎర్ర గురిగి అనే పేరు పెట్టింది చనిపోయిన లచ్చవ్వ భర్త. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, తీర్పు కాగితం ముందు పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"పేరు ఆయన పెట్టిండు. పోయిందంటే పానం కొట్టుకుంటది," అంది. ముక్కుపుడక సర్దుకుంది. తర్వాత, "మొఖం నన్ను కన్న అవ్వ ఇచ్చింది. గది ఉన్నది గద, ఇగ పంపుండ్రి" అంది.

ఆమె రాతపూర్వక అనుమతితో ఆ ముఖాన్ని అక్కడ వెంకటేశ్ కంపెనీ పేరు మీద రిజిస్టర్ చేయించాను. ఇప్పుడు దుబాయ్‌లో పేరున్న సీసాకు ముఖం లేదు, ముఖమున్న సీసాకు పేరు లేదు. "మనోళ్లు అవ్వను చూసి గిదే ఇయ్యుమంటున్రు మేడమ్," అని వెంకటేశ్ సంబరంగా చెప్పాడు. పేరు కూడా ఉంటే ఇంకా బాగుండేదని నేను అనలేదు. అతనికీ తెలుసు.

సరుకు దేశం దాటుతోందని ఎవరు వచ్చినా ఇప్పుడు మొదట ఒకటే అడుగుతాను. ఎవరి చేతిలో పెడుతున్నారు, పెడుతూ ఏమన్నారు? దోస్తయినా, తోడబుట్టినవాడైనా ఆ మాట కాగితం మీదికి రావాలి. అక్కడ మన పేరు మీద దరఖాస్తు పడ్డాకే మొదటి డబ్బా కదలాలి.

ఈ ఏడు లచ్చవ్వ కొత్త మామిడికాయ తొక్కు తెచ్చింది. సీసాకు బొట్టు పెట్టి ఉంది. నా చేతిలో పెట్టి, తాను మాత్రం వదలకుండా పట్టుకునే ఉంది.

"వకీలమ్మా, తిననీకె ఇస్తున్న," అంది. "యాదికుంచుకో. ఉత్త తిననీకె."