ఫిడేలుకు తగిలించిన మూడో మైకు

మొన్న ఒక ఆదివారం పొద్దున, భద్రాచలంలో పిల్లలకు సంగీతం చెప్పే ఒకావిడ ఎవరి ద్వారానో నా నంబరు పట్టుకుని ఫోను చేసి, ఫిడేలుకు తగిలించుకునే క్లిప్పు మైకుల్లో ఏది మంచిదో చెప్పమని అడిగింది. సారపాకలో ఒక జీవితకాలం మైకుసెట్లు కిరాయికిచ్చినవాణ్ణి, ఇలాంటి ప్రశ్నకు నిద్రలో లేపి అడిగినా జవాబు చెప్పగలిగినవాణ్ణి, ఆ పూట మాత్రం సాయంత్రం చెబుతానమ్మా అని ఫోను పెట్టేసి, చల్లారిపోతున్న టీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. నా యీడువాళ్లు ఇలాంటివి వింటే నవ్వరన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

మా అక్కను సారపాకలోనే, పేపరు మిల్లులో ఆపరేటరుగా చేసే బావకిచ్చారు. బావ తండ్రి హరికథలు చెప్పేవాళ్ల పక్కన ఫిడేలు వాయిస్తూ కుసుమంచి, తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన మనిషి. కొడుక్కి కూడా చిన్నప్పుడే విద్య నేర్పాడు. బావది మంచి చెయ్యే గాని, మిల్లులో ఉద్యోగం దొరికాక షిఫ్టుల్లో పడి కమాను ముట్టడం మానేశాడు. అది పెద్దాయనకు లోపలెక్కడో గుచ్చుకున్నా పైకి అనేవాడు కాదు. భార్య పోయాక తన ఫిడేలు పెట్టె పట్టుకుని కొడుకు దగ్గరికి వచ్చి, ముందుగదిలో నవారు మంచం మీద ఆరేళ్లు ఉబ్బసంతో తీసుకుని తీసుకుని పోయాడు. మా వైపు ఆ జబ్బును దమ్ము అంటారు. ఆవిరి పట్టించడం, వీపు రాయడం, దిండ్లు ఎత్తుగా అమర్చి కూర్చోబెట్టడం, అన్నీ అక్కే చేసింది. ఆయన పోయిన ఏడాదికి, ఎవరూ అడక్కుండానే బావ అటక మీదున్న పెట్టె దించి, తీగలు మార్పించి, శనివారం భజనల్లో వాయించడం మొదలుపెట్టాడు.

భజన సంగతి మీకు తెలియంది కాదు. హార్మోనియం, తబలా, డజను జతల తాళాల మధ్య ఫిడేలు గొంతు ఎవరికి వినిపిస్తుంది? ఎదురుగా స్టాండు మైకు పెడితే, బావ తన్మయత్వంలో జానెడు పక్కకు ఒరిగాడా, మోత పోయేది. క్లిప్పు మైకులు అప్పుడప్పుడే మా దాకా వస్తున్న రోజులవి. కోఠిలో తెలిసిన దుకాణదారు దగ్గర, నచ్చనివి పది రోజుల్లో తిరిగి ఇచ్చేసే మాట మీద మూడు రకాలు తెచ్చాను. ఒకటి తీగల్ని ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జికి అతికించే బిళ్ల. అది చెక్క అదురును తప్ప గాలిలోని చప్పుడును పట్టదు. రెండోది ఫిడేలు అంచుకు తగిలించేది, ముందున్నదే వింటుంది. మూడోది మిరియపు గింజంత ఉండేది, అది నాలుగు దిక్కులా వింటుంది. ఆ మూడోదాని మీదే నాకు మోజు.

వాటిని పరీక్షించిన వారంలో మిల్లుకు మరమ్మతుల షట్‌డౌన్ వచ్చింది. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు మిల్లు హోరు ఒంట్లో నెత్తురు పారినట్టు ఉంటుంది, ఆగేదాకా ఉన్నట్టే తెలియదు. అది ఆగినప్పుడు మాత్రం యూకలిప్టస్ తోటల అవతలి అడవి హఠాత్తుగా ఇంటి గోడ దాకా నడిచి వచ్చి నిలబడ్డట్టు అనిపించేది. పసిపిల్లలు ఊరికే ఏడ్చేవారు, పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. అలాంటి మధ్యాహ్నం బావ ముందుగదిలో చాప మీద కూర్చుని, ఫిడేలు తలను కుడికాలి పాదం మీద ఆనించి, రెండో కొస ఎదకు ఆనించుకుని వాయిస్తుంటే, నేను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని గోడవార, మైకుల మోత సరిచేసే చిన్న మిక్సరు ముందు కూర్చున్నాను.

మొదటి రెండూ అయ్యాయి. మూడోది తగిలించగానే ఫిడేలు నా తలలోనే మోగినట్టయింది. తీగ మీద వేలు జారడం, కమాను వెంట్రుకల గరగర, ప్రతి పలుకుకూ ముందు ఒక శ్వాస. వాయించేవాడి శ్వాస ఇలాంటి మైకులకు అందడం మామూలే కనుక పట్టించుకోలేదు. ఇంతలో వీధిలో ఎవరో పిలిస్తే బావ ఫిడేలును చాప మీద పెట్టి బయటికి వెళ్లాడు. శ్వాస ఆగలేదు.

లోపలికి పోయేటప్పుడు రెండుసార్లు తట్టుకుని, బయటికి వచ్చేటప్పుడు సన్నని పిల్లికూతతో, నింపాదిగా వస్తూనే ఉంది. ఫ్యాను ఆపాను. కేబుల్ మార్చాను. మైకును ఊడదీసి చాప మీద విడిగా పెడితే ఏమీ లేదు. మళ్లీ ఫిడేలుకు తగిలిస్తే ఉంది. మజ్జిగ గ్లాసుతో వచ్చిన అక్క నా మొహం చూసి, హెడ్‌ఫోన్ తీసి తన చెవులకు పెట్టుకుంది. కాసేపటికి గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టి, పక్కన కూర్చుంది.

“మామ,” అంది. “లోపలికి పోయేటప్పుడు రెండుసార్లు ఆగుతది. గదే. ఆరేండ్లు ఇన్న, నాకు తెల్వదా.”

ఆమెలో భయం కనిపించలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. వీధివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“తమ్మీ, మీ బావకు చెప్పకు. ఒక్క పాట వాయించురా అని మామ అడిగిన దినం, డ్యూటీ చేసి అలిసి ఉన్న, రేపు వాయిస్తలే అన్నడు. తెల్లారేసరికి మామ లేడు. గా మాట ఇప్పటికీ ఆయన గొంతుల అడ్డం పడ్డట్టే ఉన్నది. ఇది ఇన్నడంటే మల్ల ఫిడేలు ముట్టడు.”

బావ తిరిగి వచ్చాక, మూడోదానిలో లోపముంది, తిరిగి ఇచ్చేస్తానని అబద్ధమాడి బ్రిడ్జికి అతికించే బిళ్లనే ఖాయం చేశాను. మోత గట్టిగా, పొడిగా, తప్పుపట్టడానికి వీల్లేకుండా వచ్చేది. రిటైరయ్యేదాకా బావ దానితోనే గోదావరి ఇవతలా అవతలా ఎన్ని ఊళ్లలో వాయించాడో లెక్కలేదు. ఆ పక్కనే మిక్సరు ముందు కూర్చున్న నాకు మాత్రం, వినిపించకుండా చేసిన ఆ ఒక్క చప్పుడే ప్రతి భజనలోనూ వినిపిస్తున్నట్టు ఉండేది.

చివరికి, గుండెకు బాగాలేక దవాఖానాలో పది రోజులుండి బావ ఇంటికి వచ్చాక, అరుగు మీద ఇద్దరమే ఉన్నప్పుడు ఆగలేక అంతా చెప్పేశాను. కోప్పడతాడనుకున్నాను, లేదా ఏడుస్తాడనుకున్నాను. ఆయన అరచేతితో ఎద మీద, సరిగ్గా ఫిడేలు ఆనే చోట మెల్లగా రాసుకున్నాడు.

“నీకు మైక్‌ల ఇనవడ్డదా? నాకు ఈడ ఇనవడుతది బామ్మర్దీ. పెట్టె తీసిన మొదటి దినం నుంచి. ఎముకకు ఆనుకొని ఉంటది గద.”

“మరి ఎట్ల వాయించినవ్ బావా ఇన్నేండ్లు?”

“రేపు వాయిస్త అన్న గద,” అన్నాడు. “వాయిస్తున్న. మంచిగ వాయించిన దినం దమ్ము తేలికైతది, లేకుంటే ఆయాసం. ఇగ మీ అక్కకు చెప్పకు, ఆ గదిల పండుకుంటది, భయపడతది.”

అలా ఇద్దరి మాటా మూటగట్టుకుని నేను మధ్యలో ఉండిపోయాను. అంతకుముందు అన్నేళ్లూ, భజన అయ్యాక అందరూ లేచినా, ఆయన ఫిడేలును ఎదకు ఆనించుకుని ఊరికే కూర్చునేవాడు. అలసటనుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట బావ పోయాడు. పెద్దకర్మ అయ్యాక అక్కకు చెప్పాను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

“ముందే చెప్పుకొని ఉంటే,” అంది చివరికి, “ఇద్దరం కలిసి కూసొని ఇనేటోళ్లం.”

మొన్నటి ఆదివారం సాయంత్రం సంగీతం చెప్పే ఆవిడకు ఫోను చేసి, చిన్నదే తీసుకోమ్మా, అది అన్నీ వింటుంది అని మాత్రం చెప్పాను. కాని ఇప్పుడు ఏది తీసుకుంటే ఏం? ఈనాటి మిక్సర్లలో ఒక్క మీట నొక్కితే శ్వాస, వేలి జారుడు, చాప కదిలిన చప్పుడు, అన్నీ పోయి పాటొక్కటే మిగులుతుంది. కుర్రవాళ్లు నేర్పుగా నొక్కుతారు, వినేవాళ్లు ఎంత శుభ్రంగా ఉందో అని మెచ్చుకుంటారు, నేనూ తలాడిస్తాను. ఆ మీట పడ్డప్పుడల్లా మాత్రం గదిలో మూల కూర్చున్నవారెవరో లేచి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి వెళ్లిపోయినట్టు ఉంటుంది. వెనక్కి పిలుద్దామంటే, వాళ్లను ఏ వరస పెట్టి పిలవాలో నాకు తెలియదు.