కొంగలలంకకు ఐదు నొక్కులు

తాడేపల్లిగూడెం శ్రీరంగనాయకులు గారి కూతురు సాయిదుర్గ, పప్పులో ఉప్పెంతో తెలియకముందే తండ్రి రేడియో కొట్టులో సోల్డరింగ్ ఐరన్ పట్టింది. పెళ్ళై ఏలూరు వచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. చిన్న కొట్టు పెట్టుకుని మిక్సీ నుంచి మైకు సెట్టు దాకా ఏది తెచ్చినా బాగుచేసి పంపుతుంది. తన పనికి వంక పెట్టినవాళ్ళు లేరని కాస్త గర్వం కూడా ఉంది.

కొల్లేటి మధ్య కొంగలలంకలో సెల్‌ఫోనుకు సిగ్నల్ అందదు. అందుకని చేపల సొసైటీవాళ్ళు పడవలకీ చెరువు గట్లకీ వాకీటాకీలు ఇచ్చారు. ఆపద వస్తే ఒడ్డునున్న వ్యాను డ్రైవరు గోపీచంద్‌కు ఫోను వెళ్ళాలన్నారు. సాయిదుర్గ ఒడ్డున ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఒక పెట్టె బిగించి, దానికి ఒక పక్క రేడియో, ఇంకో పక్క టెలిఫోను తీగ కలిపింది. మామూలుగా మాట్లాడుకుంటే పెట్టె పలకదు. వాకీటాకీ బటన్ టకటకా రెండుసార్లు నొక్కితే మాత్రం దానంతటదే గోపీచంద్‌కు ఫోను చేస్తుంది. ఊరికే ఎవరు రెండుసార్లు నొక్కుతారులే అనుకుంది.

చెరువు కాపలా ఉండే అచ్చమ్మ ఆరోజే చెప్పింది. "పడవ గెడ పట్టుకున్న చేత్తో మాటలేం చెబుతామమ్మా. విన్నామని బటన్ నొక్కి రెండు టిక్కులు కొడతాం."

స్క్రూలు బిగిస్తున్న సాయిదుర్గ తలెత్తకుండా, "అలాగే పిన్నిగారూ" అంది. అంతే, ఆ మాట అక్కడే వదిలేసింది.

మూడో రోజు పొద్దున్నే గోపీచంద్ ఆమెను ఫ్యాక్టరీకి రప్పించాడు. నిన్నటి నుంచి నలభైసార్లు ఫోను మోగిందనీ, ఎత్తితే అవతల మనిషే లేడనీ, విసుగెత్తి సైలెంట్‌లో పెట్టేశాననీ చెప్పి, పడుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆమె మేడెక్కి పెట్టెకు లాప్‌టాప్ తగిలించిందో లేదో, పక్కనున్న వాకీటాకీలో పడవ నడిపే ఎలీయాజరు గొంతు వినిపించింది.

"అచ్చమ్మను గట్టు మీద పాము కరిచిందండీ. పడవలో తెస్తున్నాం."

విన్న ప్రతి పడవా విన్నానని రెండు టిక్కులు కొట్టింది. ప్రతి రెండు టిక్కులకీ పెట్టె గోపీచంద్‌కు ఫోను చేసింది. ఎవరూ ఎత్తని ఆ రింగు రేడియో నిండా మోగుతుంటే ఎలీయాజరు తర్వాత ఏం చెప్పాడో ఒక్క ముక్క తెలియలేదు. అచ్చమ్మ చెప్పిన మాట సాయిదుర్గకు అప్పుడు గుర్తొచ్చింది.

తన ఫోను నుంచి అంబులెన్సుకు చేసింది. నలభై నిమిషాలు పడుతుందన్నారు. వ్యానైతే ఈలోపు ఆస్పత్రికే చేర్చేస్తుంది. గోపీచంద్‌కు చేస్తే ఎత్తలేదు. ముందు టెలిఫోను తీగ పీకేసింది. రింగు ఆగింది.

"అందరూ వినండి. నేను చెప్పేదాకా ఎవరూ టిక్కు కొట్టకండి."

ఎవరో అలవాటు మానలేక దానికీ రెండు టిక్కులు కొట్టారు. తీగ ఊడి ఉంది కనుక బతికిపోయారు.

పోయిన నెల గోపీచంద్ భార్య ఆమె కొట్టుకు మిక్సీ తెచ్చింది. ఆవిడ నంబరు 'మిక్సీ లక్ష్మీదుర్గ' అని ఫోనులో ఉంది. తనే చేద్దామంటే పడవ ఎటు వస్తుందో తెలియదు, ఎలీయాజరే నేరుగా చెప్పడం మేలనుకుంది. లాప్‌టాప్‌లోంచి ఆ నంబరును పెట్టెలో ఎక్కించింది. రెండు నొక్కులను ఐదు చేసింది. తీగ మళ్ళీ గుచ్చింది.

"ఎలీయాజరు గారూ, టకటకా ఐదుసార్లు నొక్కండి. అవతల పలికాక మాట్లాడండి. మాటవగానే బటన్ వదిలెయ్యండి, లేకపోతే వాళ్ళ మాట మీకు వినపడదు."

నాలుగు టిక్కులు వచ్చి ఆగాయి. గెడ జారిందో, చెయ్యి తడిసిందో. పెట్టె కదల్లేదు. మళ్ళీ మొదటి నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. రింగు మోగింది.

"ఎవరండీ?" అంది లక్ష్మీదుర్గ.

"అమ్మా, అచ్చమ్మను పాము కరిచింది. మామూలు రేవంతా గుర్రపుడెక్క కమ్మేసింది. పడమటి రేవుకు వస్తున్నాం, వ్యాను అక్కడికి పంపండి."

"ఆయన్ని లేపుతున్నానండీ. పడమటి రేవే కదండీ?"

ఎలీయాజరు అవునని చెప్పేలోపే, ఆవిడ పడుకున్న మగడిని పేరు పెట్టి పిలవడం మేడ మీది వాకీటాకీలో వినపడింది. పడవ రేవుకు తగిలేసరికి వ్యాను అక్కడ ఉంది.

అచ్చమ్మ గండం గడిచిందని సాయంత్రానికి కబురొచ్చింది. సొసైటీవాళ్ళు అడగకముందే సాయిదుర్గ వెళ్ళి తప్పు తనదేనని చెప్పింది. గోపీచంద్ తల వంచుకుని, తాను ఫోను సైలెంట్‌లో పెట్టకుండా ఉండాల్సిందన్నాడు.

"మీచేత పెట్టించింది నేనేనండీ" అందామె. మర్నాడు పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఎలీయాజరు పడవలో కూర్చుని, వాళ్ళు రేడియో ఎలా వాడతారో వింటూ తిరిగింది.

అది జరిగిన పదకొండో రోజు పెట్టె చూద్దామని మేడెక్కింది. అచ్చమ్మ గట్టు మీదికి వచ్చేసిందా అని వాకీటాకీలో ఎలీయాజరు అడుగుతున్నాడు. అచ్చమ్మ దగ్గర నుంచి రెండు టిక్కులు వచ్చాయి.

సాయిదుర్గ పెట్టె వంక చూసింది. అది పలకలేదు. అప్పుడు తన వాకీటాకీ తీసుకుని, విన్నానని తనూ రెండు టిక్కులు కొట్టింది.