జపాను పెనం ముందు రెండు విందులు

ఈ సంగతిని రాసిపెట్టవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పాలి. మా ఇంట్లో దీనిని ఇప్పటికే ముగ్గురు మూడు విధాలుగా చెబుతున్నారు. మనుమరాలి కథనంలో నా కళ్ళజోడు మీద పడింది బంగాళాదుంప ముక్క. వాస్తవానికి అది జుకినీ అనే కీరదోసలాంటి కూరగాయ ముక్క. అల్లుడి కథనంలో తప్పంతా హోటల్‌వారిది. నా భార్య అసలు తప్పే జరగలేదంటుంది. ముప్పైనాలుగేళ్ళు కళాశాలలో గణితం బోధించి, అన్నేళ్ళూ జవాబుపత్రాలు దిద్దినవాణ్ణి. జరిగింది జరిగిన వరుసలో ఒకచోట ఉండాలని నా నమ్మకం. పైగా ఇందులో పెద్ద తప్పు నాది. దానిని మరొకరు రాయడం కంటే నేనే రాయడం మర్యాద.

అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ప్లేనోలో మా అమ్మాయి ఇంటికి మేమిద్దరం ఆరు నెలల కోసం వచ్చాం. ఆదివారం ఉదయం ఆ ఇంట్లో దోసెలు. నా భార్య పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటే వేస్తుంది. మొదటిది నాకు, తరువాత అల్లుడికి, మనుమరాలికి, అమ్మాయికి. పెనం మీది నుంచి నేరుగా పళ్ళెంలోకి. అందరూ చేతులు కడుక్కున్నాక, ఎప్పుడో వేసి మూతపెట్టిన రెండు దోసెలు తాను తింటుంది. మా అమ్మ కూడా అలాగే తినేది. నేను దానిని క్రమం అనుకున్నాను. క్రమం కనిపించిన చోట నేను ప్రశ్నలు అడగను.

ప్రశ్న అడిగింది మా అల్లుడు. ఒక ఆదివారం మూడో దోసె తింటూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపి అన్నాడు.

"అత్తయ్యగారూ, మీరు వేడి దోసె తినగా నేను ఒక్కసారి కూడా చూడలేదండి."

"నా సంగతి సరే బాబూ. ఇంకోటి వెయ్యనా?" అంది ఆవిడ.

ఆ మాటతోనే అతడు నిశ్చయించుకున్నాడు. ఆవిడకు రాబోయే డెబ్బయ్యో పుట్టినరోజుకు, వంటవాడు ఆవిడ ఎదురుగా నిలబడి, వండి, ఆవిడ పళ్ళెంలో మొదట వడ్డించాలి. అందుకు తగిన స్థలం డల్లాస్‌లో ఒక పెద్ద హోటల్‌లో ఉన్న జపాను భోజనశాల. అక్కడ మంచమంత ఇనుప పెనం ఉంటుంది. దానికి మూడువైపులా అతిథులు, నాలుగోవైపు వంటవాడు. ఈ ఏర్పాటు వినగానే నాకు నచ్చింది. వంటలో దాపరికం లేదు, కూర్చునేవారికి నిర్ణీతమైన స్థానం ఉంది. ఆవిడ కూర్చుని వేడిగా తినాలి. ఆ సాయంత్రానికి మరో ప్రయోజనం లేదని అందరం ఒప్పుకున్నాం.

ఫోన్‌లో బుక్ చేసింది మా అమ్మాయి. ఒంటికి పడని పదార్థాలేమైనా ఉన్నాయా అని అందులో ఒక ప్రశ్న ఉంది. లేవని జవాబిచ్చింది. అది సత్యమే. మేము శాకాహారులమన్న విషయం ఆ ప్రశ్నకు జవాబని ఆమెకు తోచలేదు, నన్ను అడిగి ఉంటే నాకూ తోచేది కాదు. మన ఊళ్ళో కూర్చోగానే వెజ్జా, నాన్‌వెజ్జా అని అడుగుతారు కదా, ఇక్కడా అడుగుతారనుకున్నాం.

అడగలేదు. ఆరున్నరకు రమ్మన్నవారు ఏడూ పదికి కూర్చోబెట్టారు. మాతోపాటు అదే పెనం చుట్టూ మరొక కుటుంబాన్ని కూర్చోబెట్టారు. పొడుగాటి ఎర్రటోపీ పెట్టుకుని వంటవాడు వచ్చాడు. రెండు అట్లకాడలతో పెనం మీద తాళం వేశాడు. ఉల్లిపాయ చక్రాలను గోపురంలా పేర్చి, నూనె పోసి, నిప్పంటించాడు. మంట పైకప్పు వైపు లేచింది. మనుమరాలు చప్పట్లు కొట్టింది. నా భార్య నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమండీ, ఉల్లిపాయ అలా మాడ్చేస్తే ఇంక కూరకేం మిగులుతుంది?"

ఆ తరువాత అతడు పక్క కుటుంబంవారి రొయ్యలు, మాంసం పెనం నిండా పరిచి వేయించాడు. వారికి వడ్డించి, అదే అట్లకాడతో పెనాన్ని గీకి, మేము అడిగిన కూరగాయలు అక్కడే వేశాడు. వడ్డించడానికి వచ్చినప్పుడు నా భార్య చిరునవ్వుతో పళ్ళెం మీద చెయ్యి అడ్డంపెట్టింది. మేమూ అలాగే చేశాం. అతడికి ఏమీ అర్థంకాలేదు, అతడిని తప్పుపట్టలేను. చివరకు లోపలి నుంచి తెచ్చిన తెల్లటి అన్నం, కొన్ని పచ్చి ఆకులు తిన్నాం. రెండూ చల్లగా ఉన్నాయి.

కారులో మనుమరాలు ఏడ్చింది. అమ్మమ్మ బర్త్‌డే పాడైపోయిందని దాని బాధ. దానిని ఊరుకోబెట్టడానికి ఆవిడ ఇంటికి రాగానే ఉప్మా చేసింది. అందరికీ వడ్డించింది. చివర్న తాను తింది. తన పుట్టినరోజున, హోటల్‌కు వెళ్ళివచ్చాక కూడా. అప్పటికైనా నాకు వెలగవలసింది. వెలగలేదు. నేను హోటల్ మేనేజర్‌కు రాయవలసిన ఉత్తరం గురించి ఆలోచిస్తున్నాను.

మరునాడు ఏడు అంశాలతో, వరుస సంఖ్యలు వేసి ఆ ఉత్తరం రాశాను. ఏడో అంశంలో చేతిరుమాళ్ళ శుభ్రతను మెచ్చుకున్నాను. తప్పులు దిద్దేవాడు ఒప్పులకు మార్కులు వేయకుండా ఉండకూడదు. మనుమరాలు దానిని ఈమెయిల్‌లో పంపింది. మేనేజర్ ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. మళ్ళీ రావాలని, పెనం కడిగిస్తామని, కొత్త అట్లకాడలు వాడతామని, మా పెనం దగ్గర మరెవ్వరినీ కూర్చోబెట్టబోమని రాశాడు.

మళ్ళీ వెళ్ళాం. అన్న మాట ప్రకారం అంతా చేశారు. నిర్ణయించిన సమయానికే కూర్చోబెట్టారు. మా కళ్ళముందే పెనాన్ని రెండుసార్లు తోమి తుడిచారు. వచ్చింది ఆ ఎర్రటోపీ మనిషే. నా భార్య వైపు తిరిగి వంగి నమస్కరించాడు. నిజం చెప్పాలంటే, ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరక్క నాకు కొంచెం వెలితిగా అనిపించింది. అప్పుడే అతడు జుకినీ ముక్కను అట్లకాడతో నా నోటివైపు ఎగరేశాడు. నోటితో అందుకోవడం అక్కడి ఆటట. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ముక్క కళ్ళజోడుకు తగిలి జారింది. మా కుటుంబమంతా నన్ను చూసి అంత హాయిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నేను అద్దాలు తుడుచుకుని, రెండో ముక్క వేయమని సైగ చేశాను. అదీ అందలేదు.

తరువాత మొదటి పళ్ళెం నా భార్యకు వచ్చింది. అన్నం, కూరగాయలు, టోఫు అనే సోయా పన్నీరు, పైన ఆవిరి. అల్లుడి ముఖం వెలిగిపోయింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వంటవాడు చూశాడు. రుచి చాలదనుకుని ఇంకొంచెం సోయా రసం చల్లాడు. ఆవిడ కదల్లేదు. నచ్చలేదనుకుని మరొక పళ్ళెం సిద్ధంచేసి ముందు పెట్టాడు. ఆవిడ మొదటిదాన్ని మనుమరాలి ముందుకు జరిపింది, రెండోదాన్ని నా ముందుకు. జరుపుతున్నానని ఆవిడకే తెలియదు. చెయ్యి దానంతట అది చేసింది. అందరి పళ్ళేలూ నిండేదాకా చూసి, తన పళ్ళేన్ని చివర్న అందుకుని, అప్పుడు తినడం మొదలుపెట్టింది. దాని మీద ఆవిరి లేదు.

అల్లుడు మెల్లగా అడిగాడు, బాగుందా అని.

"బాగుంది బాబూ. కాస్త చల్లారిందంతే."

ఎనిమిదో అంశం దొరికింది, కానీ దానిని ఎవరికి పంపాలి? హోటల్‌కు రాసిన ఏడూ సరైనవే. ఈ ఒక్కటీ మా ఇంటి చిరునామాకు రాయవలసినది. నలభై ఐదేళ్ళు మొదటి దోసె నా పళ్ళెంలో పడింది. దానిని క్రమం అని పిలిచింది నేను. ఎవరెంత పెనం తోమినా ఆ అలవాటు పోదు.

తరువాతి ఆదివారం, పాన్‌కేకులకని అమ్మాయివాళ్ళు కొన్న కరెంటు పెనాన్ని తెచ్చి భోజనాల బల్ల మధ్యలో పెట్టాను. పిండిగిన్నె నా దగ్గర పెట్టుకుని, నా కుర్చీలో నా భార్యను కూర్చోమన్నాను. ఆవిడ లేవబోయింది.

"మీకు తిప్పడం వచ్చా?"

"అమ్మమ్మా, హెల్ప్ చెయ్యకు. తాతయ్యే చెయ్యాలి," అంది మనుమరాలు. ఆ రోజు కోసం కాగితంతో ఎర్రటోపీ చేసి నా నెత్తిన పెట్టింది కూడా.

"చెయ్యను సరే, నోరు మూసుకుని ఎలా కూర్చోనూ? ముందు పెనం మీద నీళ్ళు చల్లండి. చుయ్యిమనాలి."

చుయ్యిమంది. నా మొదటి దోసె నడుమ మందంగా, అంచులు చిరిగి వచ్చింది. దానిని ఆవిడ పళ్ళెంలో వేశాను. ఆవిడ పళ్ళెం మనుమరాలి వైపు కదిలింది. మనుమరాలు దానిని వెనక్కి తోసింది.

"నో అమ్మమ్మా. నువ్వు తినేదాకా ఎవ్వరికీ నెక్స్ట్ దోసె లేదు. తాతయ్య రూల్."

ఆ నియమం నేను పెట్టలేదు. కానీ మంచి నియమం కనుక వెంటనే ఆమోదించాను.

ఆవిడ ఒక ముక్క తుంచింది. వేళ్ళు కాలి, ఊదుకుని, పచ్చడి లేకుండానే నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, తేల్చి చెప్పింది.

"ఉప్పు తక్కువైంది."

"పిండి కలిపింది నువ్వే కదా," అన్నాను.

"నేనే. చల్లారినవి తినే నాకు తెలియలేదు. వేడివేడిగా తినేవాళ్ళు మీరు, ఇన్నేళ్ళలో ఒక్కరోజన్నా చెప్పారా?"

అమ్మాయి ముందుగా నవ్వింది, తరువాత ఆవిడే అందరికంటే ఎక్కువగా నవ్వింది. ఆ చిరుగుల దోసె పూర్తిగా తింది. ఖాళీ పళ్ళెం నా వైపు జరిపి, "ఇంకోటి వెయ్యండి," అంది. ఆ మాట ఆవిడ నోట అలా వినడం నాకు అదే మొదటిసారి. మూడు తింది.

చదివినవారికి ఒక విన్నపం. నా దోసె ఇప్పటికీ నడుమ మందంగానే వస్తోంది. కారణం తెలిసినవారు తెలపండి. పైన రాసినదాంట్లో వరుస తప్పినా, మాట జారినా, నాకు నేనే అనుకూలంగా తీర్పు చెప్పుకున్నట్టు కనిపించినా, ఎర్రసిరాతో దిద్ది పంపండి. పెద్దవాడు కదా అని ఊరుకోవద్దు. ఉప్పు తక్కువైందన్న మాట చెప్పడానికి మా ఇంట్లో నలభై ఐదేళ్ళు పట్టింది. మీరు అంతకాలం ఆగకండి.